సవరణ: సవానా బెంచీ పార్కులో లేదు

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఉన్న సవానాకు సినిమాల వల్ల జనం ఎలా వస్తున్నారో చెబుతూ, 'ఫారెస్ట్ గంప్' (1994)లో టామ్ హాంక్స్ కూర్చున్న బెంచీ ఇప్పటికీ అక్కడి చిప్పెవా స్క్వేర్ అనే పార్కులోనే ఉందని మొన్న రాశాను. అది తప్పు. ఆ బెంచీ షూటింగ్ కోసం తెచ్చి పెట్టింది, పని అయ్యాక తీసేశారు. చూడాలంటే సవానా హిస్టరీ మ్యూజియానికి వెళ్లాలి. మ్యూజియం వాళ్లు ఇచ్చే సమాచారంలోనే ఈ మాట ఉంది, ముందే చూసుకోవాల్సింది. నేను ఫొటో దిగింది మామూలు పార్కు బెంచీ మీద. ఇంకో రెండు కుటుంబాలు లైన్లో నిలబడ్డాయి కదా, అదే అనుకున్నాను!

ఇంకొకటి. బొనవెంచర్ శ్మశానంలోని 'బర్డ్ గర్ల్' విగ్రహం కోసం జనం ఎగబడింది 'మిడ్‌నైట్ ఇన్ ది గార్డెన్ ఆఫ్ గుడ్ అండ్ ఈవిల్' సినిమా చూసి అన్నాను. నిజానికి 1994లో అదే పేరుతో వచ్చిన పుస్తకం అట్ట మీద దాని ఫొటో చూసి. సినిమా వచ్చింది 1997లో. తాకిడి తట్టుకోలేక విగ్రహాన్ని అక్కడి నుంచి తీసేశారు. ఇప్పుడది టెల్‌ఫెయిర్ మ్యూజియం వాళ్ల దగ్గర ఉంది. అట్లాంటా నుంచి నాలుగు గంటలు డ్రైవ్ చేసి వెళ్లేవాళ్లు శ్మశానంలో వెతక్కండి.