తప్పు భూమిదే

2024 డిసెంబరు 4, బుధవారం. ఉదయం 7 గంటల 27 నిమిషాలు. ఫిల్టర్లో డికాక్షన్ దిగుతున్న వేళ. ములుగు జిల్లాలో నేలకు 40 కిలోమీటర్ల అడుగున ఏదో సర్దుకుంది. రిక్టర్ స్కేలు మీద 5.3. ఇక్కడ హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో షోకేసులో గ్లాసులు గలగలమన్నాయి. ఫ్యాన్ ఆపి ఉండగానే ఊగింది. 401 ఆంటీ "పొద్దున్నే మంచం ఊపుతారేంటండీ" అని అంకుల్ని కసిరారు. అంకుల్ అప్పటికి పావుగంటగా బాత్రూంలో ఉన్నారు.

రెండు నిమిషాల్లో ఇరవై ఫ్లాట్ల వాళ్లమూ లిఫ్టులో కిందికి దిగాం. కిందికి అంటే రోడ్డు మీదికి కాదు, అక్కడ చలి, పైగా కుక్కలు. స్టిల్ట్ పార్కింగులో, కార్ల మధ్య, అయిదు అంతస్తులనూ నెత్తి మీద పెట్టుకుని నిలబడ్డాం. అసోసియేషన్ అత్యవసర సమావేశం అక్కడే జరిగింది. సెక్రటరీగా మినిట్స్ రాసింది నేనే కాబట్టి, ఆ రోజు ఏకగ్రీవంగా తేలిన విషయాన్ని లోకానికి చెప్పాల్సిన బాధ్యత కూడా నాదే. తేలిందేమిటంటే, మన ఇళ్లలో ఏ లోపమూ లేదు. తప్పు భూమిదే.

ముందుగా జోన్ల సంగతి, అంటే భూకంప ప్రమాదాన్ని బట్టి దేశాన్ని విడగొట్టిన ప్రాంతాలు. 203 గారు ఫోన్లో మ్యాపు తీసి అందరికీ చూపించారు. హైదరాబాద్ రెండో జోన్. దేశంలో ఇంతకంటే తక్కువ ప్రమాదం ఉన్న జోన్ లేదు. గోదావరి లోయ మూడో జోన్. అంటే ములుగులో వచ్చిన భూకంపం ములుగులోనే ఉండాలి. రెండో జోన్లోకి రావడానికి దానికి ఏ అధికారమూ లేదు. మన దగ్గర ట్రాన్స్‌ఫర్ ఆర్డరు లేకుండా తహసీల్దారు కూడా పక్క మండలంలో సంతకం పెట్టడు.

లేదని చెప్పుకున్నాం కానీ, ఇంతకంటే తక్కువ జోన్ ఒకటి ఉండేది. ఒకటో జోన్. అసలేమీ జరగదని నమ్మిన ప్రాంతాలన్నీ అందులో ఉండేవి. మహారాష్ట్రలోని కిల్లారి కూడా అందులోదే. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, వినాయక నిమజ్జనం ముగించుకుని ఊళ్లన్నీ ఆదమరిచి నిద్రపోతున్నప్పుడు 6.2 తీవ్రతతో నేల కదిలింది. మట్టితో పేర్చిన రెండడుగుల మందం రాతి గోడలు, పైన అడుగుల మందం మట్టి మిద్దెలు, వాటి కింద మనుషులు. పది వేల మంది దాకా పోయారు. 2002లో మ్యాపు తిరగరాసినప్పుడు ఒకటో జోన్‌ను ఎత్తేసి రెండో దాంట్లో కలిపేశారు. ఇప్పుడు రెండు నుంచి లెక్క మొదలవుతుంది. మెట్టు తీసేసిన మెట్లలాగా.

ఈ మాట నేను సమావేశంలో ఎత్తితే 303 గారు ఒక్క ముక్కలో కొట్టిపారేశారు. "5.3కే మనకి గ్లాసులు కూడా పగల్లేదు. 6.3 వస్తే మాత్రం ఏమవుతుంది, ఒక్క అంకేగా తేడా?" నిజమే, ఒక్క అంకే. ఆ ఒక్క అంకెకీ విడుదలయ్యే శక్తి దాదాపు 32 రెట్లు పెరుగుతుందని చెబుదామనుకున్నాను. ఆయన బ్యాంకులో చేసి రిటైరయ్యారు, చక్రవడ్డీ నాకంటే బాగా తెలిసినవారు. ఊరుకున్నాను.

చరిత్ర తెలిసినవారూ ఒకరున్నారు. 102లో ఉండే మాస్టారు. ఒంగోలులో 1967లో వచ్చిందట, 5.4. భద్రాచలం వైపు 1969లో వచ్చింది, 5.7. "అప్పట్లో మాకు పెంకుటిల్లు. రెండు పెంకులు జారాయి, మా నాన్న నిచ్చెనేసి ఎక్కి సర్దాడు. అంతే," అన్నారు. ఆ ఇంటికీ ఈ అయిదంతస్తులకీ తేడా ఏమిటని ఎవరూ అడగలేదు. ఇక్కడ జారితే సర్దడానికి నిచ్చెన ఎక్కడ వెయ్యాలో కూడా అడగలేదు.

ఇక నిర్మాణం. మన వాళ్లు ఇల్లు కట్టే తీరులో ఎంత ముందుచూపు ఉందో పిల్లర్ చూస్తే తెలుస్తుంది. గోడ మందం తొమ్మిదంగుళాలు. పిల్లర్ కూడా తొమ్మిదంగుళాలే అయితే గోడలో కలిసిపోతుంది, బీరువా మూలకి చక్కగా ఆనుతుంది. ఐఎస్ 13920 అని భూకంపాల కోసమే రాసిన కోడు ఒకటుంది. పిల్లర్ ఏ వైపు చూసినా కనీసం 300 మిల్లీమీటర్లు, అంటే పన్నెండంగుళాలు ఉండాలంటుంది. అలా కడితే మూడంగుళాలు గదిలోకి పొడుచుకొస్తాయి. అప్పుడు బీరువా ఎక్కడ పెట్టాలన్నది ఆ పుస్తకం రాసినవాళ్లు ఏ పేజీలోనూ చర్చించలేదు. అదృష్టవశాత్తూ రెండో జోన్లో ఆ కోడు తప్పనిసరి కాదు, ఇష్టమైతే పాటించవచ్చు. మా బిల్డరుకు ఇష్టం కాలేదు. విజయవాడ మూడో జోన్, అక్కడ పాటించి తీరాలి. మా తోడల్లుడు అక్కడ కొత్తగా కట్టిన ఇంటికి వెళ్లి టేపు పెట్టి చూశాను. తొమ్మిదంగుళాలే. రాష్ట్రాలు విడిపోయాయి కానీ పిల్లర్లు విడిపోలేదు.

రింగుల సంగతి ఇంకా సూక్ష్మం. పిల్లర్లో నిలువు రాడ్ల చుట్టూ కట్టే రింగు చివరలను 135 డిగ్రీల దాకా వంచి లోపలి కాంక్రీటులోకి దించమంటుంది అదే కోడు. మన వాళ్లు 90 దగ్గర ఆపుతారు. మిగిలింది 45 డిగ్రీలు, అంటే మణికట్టును ఇంకొంచెం తిప్పడం. సిమెంటు ఎక్కువ పట్టదు, ఇనుము అదనంగా వేళ్ల పొడవు కూడా పట్టదు. నేల ఊగినప్పుడు ముందు పిల్లర్ పైపెచ్చు రాలుతుంది. అప్పుడు 90 దగ్గర ఆపిన రింగు జడ పిన్ను జారినట్టు విచ్చుకుంటుంది, నిలువు రాడ్లు పక్కలకు ఉబ్బుతాయి, మధ్యలో కాంక్రీటు నలిగి పిండవుతుంది. 135 దాకా వంచిన రింగు పట్టు వదలదు. ఇల్లు దెబ్బతింటుంది, వంకర పోతుంది, మళ్లీ కాపురానికి పనికిరాకపోవచ్చు. కానీ మీద పడదు. లోపలివాళ్లు బయటికొచ్చేదాకా నిలబడుతుంది. భూకంపాన్ని తట్టుకునే ఇల్లంటే చెక్కు చెదరని ఇల్లని నేనూ చాలాకాలం అనుకున్నాను. ఇంజినీర్లు అంత ఆశ పెట్టరు. వంగాలి, విరగకూడదు, అంతే వాళ్లు అడిగేది.

పక్క ప్లాట్‌లో కొత్త కట్టడం లేస్తుంటే వెళ్లి ఈ సంగతి మేస్త్రీని అడిగాను. ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ముప్పై ఏండ్ల సంది కడుతున్న సార్. నేను కట్టింది ఒక్కటన్న కూలిందా?" అన్నాడు. లేదు, కూలలేదు. ఎండాకాలమంతా గొడుగు లేకుండా తిరిగాను, ఒక్క రోజన్నా తడిశానా అన్నంత తిరుగులేని సాక్ష్యం అది. పిల్లరూ బీమూ కలిసే చోట రింగులు ఇంకా దగ్గర దగ్గరగా కట్టాలట కదా అని ఇంకో ప్రశ్న వేశాను. "ఆడ చెయ్యి దూరదు సార్," అన్నాడు. అందుకని అక్కడ అసలు కట్టడం లేదు. చెయ్యి దూరని చోటికి భూకంపం మాత్రం ఎలా దూరుతుందని ఆయన ధీమా కావచ్చు.

ఇంత చెప్పి స్టిల్ట్ గురించి చెప్పకపోతే అన్యాయం. పైన అయిదంతస్తుల్లోనూ ఇటుక గోడలు, కింద ఒట్టి పిల్లర్లు. ఏనుగును నాలుగు చెరుకు గడల మీద నిలబెట్టినట్టు. పైభాగమంతా ఒకే దిమ్మెలా బిగుసుకుని ఉంటుంది కాబట్టి, నేల కదిలితే ఆ ఊపంతా కింది అంతస్తు పిల్లర్లే భరించాలి. 2001 జనవరి 26న గణతంత్ర దినోత్సవం ఉదయం భుజ్‌లో 7.7 వచ్చినప్పుడు, రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో వందకు పైగా బహుళ అంతస్తుల భవనాలు కూలాయి. వాటిలో చాలావాటికి ఉన్నది ఇదే పార్కింగ్ అంతస్తు. భుజ్‌కీ అహ్మదాబాద్‌కీ ఉన్న ఆ దూరం ఇంచుమించు ములుగుకీ మనకీ ఉన్న దూరమే. ఆ తర్వాత కోడు మార్చి, అలాంటి అంతస్తు పిల్లర్లనూ బీములనూ రెండున్నర రెట్లు బలానికి లెక్క కట్టమన్నారు. రెండున్నర రెట్ల పిల్లరు వేస్తే ఫ్లాటుకో కారు చొప్పున పట్టదు. ప్రాణం ముఖ్యమా, పార్కింగా అని అడిగే వాళ్లకి హైదరాబాద్‌లో పార్కింగ్ సంగతి తెలియదనుకోవాలి.

మా బిల్డరు ఇంకో అడుగు ముందుకేశాడు. కారు తిరగడానికి అడ్డంగా ఉందని మూలనున్న ఒక పిల్లరును కింది అంతస్తులో తీసేశాడు. పైన మాత్రం ఉంచాడు. అది మొదటి అంతస్తు బీము మీద మొదలై పైకి పోతుంది, దాని కింద ఏమీ లేదు. ఫ్లోటింగ్ కాలమ్ అంటారట. ములుగు జిల్లాలోనే, పాలంపేటలో రామప్ప గుడి ఉంది. కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. పునాది గోతిని ఇసుకతో నింపి దాని మీద గుడిని నిలబెట్టారు, ఊపు వచ్చినా ఇసుకలో ఇంకిపోవాలని. శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు, పైన బరువు తగ్గాలని. ఎనిమిది వందల ఏళ్లు దాటాయి. 2021లో యునెస్కో వాళ్లు వచ్చి వారసత్వ సంపద అన్నారు. అక్కడ తేలేవి ఇటుకలు, ఇక్కడ తేలేది పిల్లరు. మనం వెనకబడ్డామని ఎవరనగలరు? రేచర్ల రుద్రుడు ఒక్క రథానికైనా స్టిల్ట్ పార్కింగ్ ఇచ్చాడా?

వాస్తు మాత్రం పక్కాగా చూశారు, అది ఒప్పుకోవాలి. ఈశాన్యం ఆరంగుళాలు పెరిగింది, నైరుతిలో బరువు పెట్టారు. ఆ బరువు పేరు ఇరవై వేల లీటర్ల వాటర్ ట్యాంకు. సిద్ధాంతి గారు మూడుసార్లు వచ్చారు. స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం ఒకసారి వచ్చింది, కాగితం మీద.

అయిదో అంతస్తుకు పర్మిషన్ లేదు, అది వేరే కథ. మన దగ్గర దానికి స్కీములున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ప్రాంతంలో పీనలైజేషన్ అన్నారు, తెలంగాణలో 2015లో రెగ్యులరైజేషన్ అన్నారు. రుసుము కడితే అంతస్తు సక్రమమవుతుంది. రసీదు ఇస్తారు. ఆ రసీదు ఎన్ని టన్నులు మోస్తుందో ఇంతవరకూ ఎవరూ పరీక్షించలేదు. టర్కీలో పరీక్షించారు. 2018లో అక్కడా ఇలాంటి స్కీమే పెట్టారు, దాని పేరుకు తెలుగులో అర్థం చెప్పుకుంటే దాదాపు "నిర్మాణ శాంతి". లక్షల మంది డబ్బు కట్టి శాంతి పొందారు. 2023 ఫిబ్రవరి 6 తెల్లవారుజామున భూమి శాంతించలేదు. ఒక్క టర్కీలోనే యాభై వేల మందికి పైగా పోయారు.

మా సమావేశం మధ్యలో 402 గారబ్బాయి శాన్ హోసే నుంచి ఫోన్ చేశాడు. "నాన్నా, బానే ఉన్నారా? ఇక్కడ మా ఇల్లు చెక్కది కాబట్టి తేలిక. బరువు తక్కువైతే ఊపు కూడా తక్కువే తగులుతుంది. గోడల్ని పునాదికి బోల్టులతో బిగిస్తారు. గీజర్‌ని కూడా గోడకు పట్టీలేసి కట్టాలి, ఇక్కడ అది చట్టం," అని స్పీకర్‌లో చెప్పుకుపోతున్నాడు. మిలియన్ డాలర్లు పోసి కొడుకు అగ్గిపెట్టె కొన్నాడన్న బాధ ఆ తండ్రికి ఇప్పటికీ తీరలేదు. ఫోన్ పెట్టేశాక, "గీజర్ పారిపోతుందని కట్టేసుకుంటున్నారు పాపం," అన్నారు. అందరం నవ్వుకున్నాం.

ఇక తీర్మానాలు. 103 వాళ్లు ఫ్లాటు అమ్మకానికి పెట్టారు కనుక వాట్సాప్ గ్రూపులో "భూకంపం" అన్న మాట వాడరాదు, "స్వల్ప కదలిక" అనాలి. మెట్ల దగ్గర కనిపించిన పగులుకు పుట్టీ పెట్టి రంగు వేయించాలి. పగులు పాతదా కొత్తదా అన్న చర్చ రంగు వేశాక అనవసరం. భవనం గట్టిదనం పరీక్షించడానికి ఇంజినీరును పిలవాలన్న నా ప్రతిపాదనకు రెండు ఓట్లు వచ్చాయి. నాదొకటి, మాస్టారిదొకటి. ఆ డబ్బుతోనే గేటు దగ్గర గ్రానైట్ ఆర్చి వేయాలన్న ప్రతిపాదనకు పద్దెనిమిది.

చివరి తీర్మానం నాకూ నచ్చింది. ఈసారి కదలిక వస్తే అందరూ తలో దిక్కుకు పరుగెత్తకుండా ఒకే చోట చేరాలి. నీడ ఉంది, కుర్చీలు వేసుకోవచ్చు, వాచ్‌మన్ గది పక్కనే ఉంది కాబట్టి టీ కూడా వస్తుంది. అందుకని స్టిల్ట్ పార్కింగే మా అధికారిక సమావేశ స్థలం. ఆ మేరకు ఒక బోర్డు రాయించాం, ఆకుపచ్చ మీద తెల్లక్షరాలు.

మర్నాడు బోర్డు బిగించడానికి కుర్రాడు డ్రిల్లు మిషన్ పట్టుకుని వచ్చాడు. మధ్య పిల్లరు మీద నాలుగు బొక్కలు పెట్టాలి. అరగంట పడుతుందేమో, కుర్చీ వేసుకు కూర్చుందామనుకున్నాను. నేను కుర్చీ తెచ్చేలోగా పనైపోయింది.

"అప్పుడేనా?" అన్నాను.

"మంచి పిల్లర్ సార్," అన్నాడు వాడు దుమ్ము ఊదుకుంటూ. "కొన్ని బిల్డింగుల్లో బిట్టు విరిగిపోద్ది. ఇది వెన్నలాగా దిగిపోయింది."

కూలీ కూడా సగమే తీసుకున్నాడు.