గమ్యం చేర్చేది కూడా ఒక కారేనా?

ఈ మధ్య ఎవర్ని కదిపినా ఒకటే గొప్ప, "మా కారు ఎక్కడా ఆగదండీ" అని. అందులో గొప్పేముందో నాకైతే అర్థం కాదు. ఆగని కారుతో మనిషికి పరిచయం ఎలా అవుతుంది అసలు? బటన్ నొక్కుతారు, ఏసీ వేస్తారు, పాట పెడతారు, వెళ్ళాల్సిన చోట దిగిపోతారు. బానెట్ కింద ఏముందో పదేళ్ళు వాడినా తెలీదు, సరదాకి ఎత్తి చూసినా ఒక నల్ల ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది, నీకెందుకు పోవయ్యా అన్నట్టు. దీన్ని కారు ఉండటం అనరు, కారులో కూర్చోవడం అంటారు. కారు ఉండటమంటే పాత కారు ఉండటమే.

పాత కార్లకి అంతర్జాతీయ సమాఖ్య ఒకటుంది, ఫీవా అంటారు, 1966లో పెట్టారు. వాళ్ళ లెక్కలో చారిత్రక వాహనం అనిపించుకోవాలంటే కనీసం 30 ఏళ్ళ వయసుండాలి, అప్పటి రూపం చెడకుండా కాపాడుకుని ఉండాలి, అన్నిటికన్నా ముఖ్యంగా రోజువారీ ప్రయాణానికి వాడేది అయ్యుండకూడదు. అంటే వాహనంగా గౌరవం దక్కాలంటే వాహనంలా పనిచెయ్యకూడదన్నమాట. ఈ మూడో షరతు రాసినవాళ్ళు ఎవరోగానీ సొంతంగా పాత కారు ఉన్నవాళ్ళే అయ్యుంటారు, ఎందుకంటే దాన్ని పాటించడానికి ఓనరు ఏమీ కష్టపడక్కర్లేదు, కారే చూసుకుంటుంది.

ఇక స్టార్టింగ్. కొత్త కారు వాళ్ళకి ఇదొక సెకను పని, పాపం. పాత కారుకి ముందు చోక్ (చల్లటి ఇంజనుకి గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే పుల్ల) లాగాలి, పూర్తిగా లాగాలా సగం లాగాలా అనేది ఆ పూట చలిని బట్టీ, నిన్న సాయంత్రం మీరు దాన్ని తిట్టారా లేదా అన్నదాన్ని బట్టీ ఉంటుంది. యాక్సిలరేటర్ రెండుసార్లు కొట్టాలి, ఆశకొద్దీ ఇంకో రెండు కొట్టారో ఇంజను పెట్రోలుతో ఫ్లడ్ అయిపోతుంది, పెట్రోలు వాసన గుప్పుమంటుంది, ప్లగ్గులు తడిసిపోతాయి, వాటిని ఊడదీసి తుడిచి ఆరబెట్టుకుంటూ కూర్చోవాలి. ఆరాక బిగిస్తే ఈసారి స్పార్క్ రాదు. ప్లగ్గులకి స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే లోపల పాయింట్లు, అంటే కరెంటు కలిపి విడదీసే రెండు లోహపు ముక్కలు, మాడి నల్లబడి ఉంటాయి, సన్న గరుకు కాగితం మడిచి మధ్యలో దూర్చి మెల్లిగా లాగాలి, తర్వాత వాటి మధ్య గ్యాప్ చూడటానికి ఫీలర్ గేజ్ అనే సన్న రేకుల కొలత కావాలి, అది కావలసినప్పుడు దొరికిన దాఖలా లేదు కాబట్టి జేబులో ఎవరిదో విజిటింగ్ కార్డు తీసి ఆ మందంతో సర్దుకోవాలి. అప్పుడు సెల్ఫ్ కొడితే ఇంజను ఒక దగ్గు దగ్గి, ఇంకో దగ్గు దగ్గి, అందుకుంటుంది. ఆ క్షణంలో ఓనరు మొహం చూడాలండీ! కొత్త కారాయనకి ఆ సంతోషం షోరూంలో తాళాలు చేతికిచ్చిన రోజు ఒక్కసారే, ఈయనకి ప్రతి ఉదయం. (బ్యాటరీలో ఛార్జ్ ఉంటే అనుకోండి. లేకపోతే తోసేవాళ్ళు కావాలి, అందుకే పాత కారున్నవాళ్ళు ఇరుగుపొరుగుతో గొడవ పెట్టుకోగా మీరు ఎప్పుడూ చూసుండరు.)

ఇదంతా వయసైపోయాక వచ్చిన రోగం అనుకుంటే పొరపాటు, పుట్టుకతోనే వచ్చింది. 1888లో బెర్తా బెంజ్ గారు మొగుడికి చెప్పకుండా ఆయన చేసిన కారు తీసుకుని ఇద్దరు కొడుకులతో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి బయల్దేరారు, నూరు కిలోమీటర్ల పైమాటే, ప్రపంచంలో మొదటి లాంగ్ డ్రైవ్. దారిలో ఇంధనం పైపు పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచారు, వైరు మీద తొడుగు అరిగిపోతే మేజోడు పట్టీ చుట్టారు, ఇంధనం అయిపోతే మందుల షాపులో కొన్నారు, బ్రేకు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు కొట్టించారు. అంటే కారు పుట్టిందే దారిలో రిపేరు చేయించుకోవడానికి. మధ్యలో ఈ సర్వీస్ సెంటర్లూ వారంటీలూ వచ్చి సంప్రదాయాన్ని పాడు చేశాయి.

నడపడంలో ఉన్న క్రమశిక్షణ సంగతి చెప్పాలంటే, ఫోను చూసుకుంటూ పాత కారు నడిపినవాడు చరిత్రలో లేడు. చెయ్యి ఖాళీ ఉంటే కదా. పవర్ స్టీరింగ్ లేదు కాబట్టి నిలబడ్డ చోట తిప్పాలంటే రెండు చేతులూ భుజాలూ అన్నీ కావాలి, కొన్నిట్లో ఫస్ట్ గేరుకి సింక్రోమెష్ (గేర్ల వేగాలు కలిపి మెత్తగా పడేలా చేసే ఏర్పాటు) ఉండదు, డబుల్ క్లచ్ కొట్టకపోతే, అంటే గేరు మార్చేటప్పుడు క్లచ్ రెండుసార్లు తొక్కకపోతే, గేర్ బాక్స్ వీధి మొత్తానికి వినపడేలా పళ్ళు కొరుకుతుంది. బ్రేకు తొక్కడమంటే ప్రభుత్వాఫీసులో అర్జీ పెట్టుకోవడమే, పరిశీలిస్తున్నాం అంటుంది, ఎప్పటికి తేలుతుందో మనం ముందే ఊహించుకుని రెండు కూడళ్ళ ముందు నుంచీ మొదలుపెట్టాలి. మూడు చోట్ల పట్టే సీటు బెల్టు వోల్వో వాళ్ళు 1959లో తెచ్చారు, అంతకు ముందు కార్లలో దాని ఊసే లేదు, ఎదురుగా ఇనప స్టీరింగ్ రాడ్డు సూటిగా గుండెకి గురిపెట్టి ఉంటుంది. అన్ని ఎయిర్ బ్యాగుల మధ్య కూర్చున్నవాడికి ఆ వినయం ఎక్కడినుంచి వస్తుంది చెప్పండి.

పెట్రోలు కూడా వీటికి పడదు. ఒకప్పుడు పెట్రోల్లో సీసం కలిపేవాళ్ళు, ఆ సీసమే పాత ఇంజన్లలో వాల్వ్ సీట్లు (వాల్వులు మూసుకున్నప్పుడు ఆనే చోట్లు) అరగకుండా కాపాడేది. అది విషం అని ఒక్కో దేశమూ మానేస్తూ వచ్చింది, చివరికి 2021లో అల్జీరియా కూడా ఆపేసింది. ఇప్పుడు ఇథనాల్ కలుపుతున్నారు, అది పాత రబ్బరు పైపుల్ని మెత్తబరిచి తినేస్తుంది. మనుషుల ఆరోగ్యం గురించి ఇంత ఆలోచించినవాళ్ళు, గాలీ పెట్రోలూ కలిపి ఇంజనుకి పెట్టే పాపం కార్బొరేటర్ల గురించి ఒక్క మాట అడగలేదు.

బంకులో ఆపారంటే ఇంకో ఆనందం. ఎవరో ఒకాయన వస్తాడు, కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తాడు, "ఇలాంటిదే మా తాతగారికి ఉండేదండీ, అమ్మేశాం" అంటాడు. అందరి తాతగార్లకీ ఉండేది, అందరూ అమ్మేశారు, అమ్మినందుకు అందరూ బాధపడుతున్నారు, వెనక హారన్లు మోగుతున్నాయి. ఆ తర్వాత ప్రశ్న "మైలేజ్ ఎంతిస్తుంది", జవాబు విన్నాక తాతగారి మీద ప్రేమ కాస్త తగ్గించుకుని వెళ్ళిపోతాడు.

ఒరిజినాలిటీ గొడవ వేరే ఉంది. ఇంజను బోరుకొచ్చి మార్చారు, ఫ్లోర్ తుప్పుపట్టి కొత్త రేకు అతికించారు, వైరింగ్ ఎలకలు కొట్టేస్తే మొత్తం కొత్తగా లాగారు, రంగు మూడుసార్లు వేశారు, అయినా ఓనరుని అడిగితే "అంతా ఒరిజినలే" అంటాడు ధైర్యంగా, యాష్ ట్రే చూపిస్తాడు. నవ్వకండి, ఆ యాష్ ట్రేలకే విలువ. 2022లో మెర్సిడెస్ 300 ఎస్ఎల్ఆర్ కూపే ఒకటి, 1955 నాటిది, ఆ కూపేలు తయారైనవే రెండు, 13.5 కోట్ల యూరోలకి అమ్ముడుపోయింది. ఈ వార్త ప్రతి పాత కారు ఓనరూ ఇంట్లో చదివి వినిపించాడు, మన డొక్కు కూడా పెట్టుబడే అని నిరూపించడానికి. ఇంట్లోవాళ్ళు అడిగిన ప్రశ్న ఒకటే, మరి ఎప్పుడు అమ్ముతున్నావ్ అని. దానికి ఇంతవరకూ ఎవరూ సమాధానం చెప్పలేదు.

కాబట్టి నా డిమాండ్ చిన్నదే. ఇకనుంచి డ్రైవింగ్ లైసెన్స్ పరీక్ష ఫోర్డ్ మోడల్ టి మీద పెట్టాలి. 1908 నుంచి 1927 దాకా కోటిన్నర చేశారు, జనం నేర్చుకుని నడిపారు కాబట్టి కష్టం అనే మాట కుదరదు. యాక్సిలరేటర్ కాలికి తగిలేచోట ఉండదు, స్టీరింగ్ పక్కన చేత్తో లాగే పుల్ల. కాళ్ళకి మూడు పెడల్స్, కుడిది బ్రేకు, ఎడమది పూర్తిగా తొక్కితే లో గేరు, సగం తొక్కితే న్యూట్రల్, వదిలేస్తే టాప్ గేరు. మధ్యలో ఉన్నదాన్ని బ్రేకు అనుకుని అందరూ గట్టిగా తొక్కుతారు, అది రివర్స్. పరీక్ష పెట్టే ఆఫీసరు గారు ఎక్కడైనా నిలబడొచ్చు, కారు వెనక తప్ప.