సవరణ: యుద్ధకాలపు ఐర్లండ్ పీట్ లెక్క

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఐర్లండ్ కౌంటీ కౌన్సిళ్లు (జిల్లా స్థాయి స్థానిక పాలక మండళ్లు) కోయించిన పీట్ (బురదనేలల్లో కుళ్లిన మొక్కలతో ఏర్పడే, ఎండబెట్టి కాల్చుకునే ఇంధనం) కొనేవాళ్లకు ఎందుకు నచ్చలేదో రాసిన పోస్టులో, వేడి విషయంలో 1 టన్ను బొగ్గుకు 2 టన్నుల పీట్ సమానమన్నాం. అది తప్పు.

ఇంధన నిపుణుల లెక్కల ప్రకారం, తేమ 30 శాతానికి దిగేదాకా ఆరిన పీట్‌కే ఆ నిష్పత్తి. తేమ 50 శాతం ఉంటే దాదాపు 3 టన్నులు కావాలి. బురదనేలలోంచి తీసినప్పుడైతే సుమారు 90 శాతం నీళ్లే; అలాంటి టన్ను బాగా ఆరాక మిగిలేది సుమారు 140 కిలోలు. అమ్మకం తూకం మీద, కాబట్టి తడిసిన సరుకు కొన్నవాళ్లు నీళ్లకే డబ్బు కట్టినట్టు. పైగా తడి పీట్ కాలిస్తే పొగ! పడమటి పల్లెల్లో చాలామంది సొంతంగానే కోసుకునేవారు. గిరాకీ ఉన్నది రాజధాని డబ్లిన్‌లో. అక్కడ ఫీనిక్స్ పార్కు రోడ్డు వెంట పోసిన పీట్ కుప్పలు వానకు తడిశాయి.