కలం పట్టించిన పూటకూ కూలి ఉండాలి

తిరుమల కొండ దిగిన యాత్రికుడు శ్రీకాళహస్తి వెళ్లి, రాహుకేతు పూజ చేయించుకుని, కారెక్కి వెళ్లిపోతాడు. అదే ఊళ్లో గుడ్డ మీద కలంతో బొమ్మలు గీసే కలంకారీ ఇళ్లున్నాయని చాలామందికి తెలియదు. తెలిసినవారు అడిగే మొదటి మాట ‘చీర ఎంత?’ అనే. ఇప్పుడు కొందరు కళాకారులు వచ్చినవారిని కూర్చోబెట్టి పని చూపిస్తున్నారు, కలం చేతికిచ్చి గుడ్డముక్క మీద గీయిస్తున్నారు. మంచి మార్పు.

చూడాల్సింది చాలా ఉంది. గంజి తీసిన నూలుగుడ్డను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపి ముంచి ఎండబెడతారు. పాలలోని కొవ్వు రంగును పక్కకు పారనివ్వదు. బెల్లం, తుప్పుపట్టిన ఇనుము రోజుల తరబడి ఊరబెట్టిన కసిం అనే ద్రవం, కరక్కాయ పట్టిన గుడ్డకు తగిలితేనే చిక్కటి నలుపుకు తిరుగుతుంది. పటిక రాసిన చోటే ఎరుపు నిలుస్తుంది, మిగతాది ఉతుకులో పోతుంది. రంగు మారినప్పుడల్లా మళ్లీ ఉతుకు, మళ్లీ ఎండ. ఉతకడానికి పారే నీరు కావాలి. ఇక్కడి స్వర్ణముఖి నది ఏడాదిలో ఎన్నాళ్లు పారుతుందో ఊరందరికీ తెలుసు. ఇదంతా కళ్లారా చూసినవాడికి స్క్రీన్ ప్రింటు గుడ్డను కలంకారీ అని అంటగట్టడం కష్టం. భౌగోళిక గుర్తింపు (జీఐ) పత్రం చేయలేని పని ఇది.

కానీ పని ఆపి రెండు గంటలు చెప్పిన మనిషికి ఆ పూట కూలి పోయినట్టే. ఫొటోలు తీసుకుని, ఒక రుమాలైనా కొనకుండా ‘చాలా బాగుందండీ’ అని లేచిపోతే ఆ ఇల్లు ఎన్నాళ్లు తలుపు తెరుస్తుంది? 1957లో, చేతివృత్తులను నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో ఇక్కడ కలంకారీ శిక్షణ కేంద్రం వచ్చినప్పుడే, నేర్పడం కూడా ఒక పని అని ఒప్పుకున్నాం. పూజ టికెట్‌కు బేరమాడని మనం ఇక్కడ మాత్రం ‘ఊరికే చూసిపోతాం’ అంటున్నాం!

మట్టికుండలు చేసే పలమనేరు సంగతి వేరు. సారె మీద చెయ్యి పెట్టనిస్తే పిల్లలు అక్కడినుంచి కదలరు. అయితే వాళ్లు చేసిన కుండ ఆరి, ఆవంలో కాలేసరికి రోజులు పడుతుంది. సాయంత్రం బస్సుకు పచ్చికుండ చేతికివ్వలేరు కదా. కాలిన తర్వాత ఇంటికి పంపే ఖర్చునూ ముందే రుసుములో కలుపుకోవాలి. మాధవమాల కొయ్య శిల్పుల దగ్గర చూడటమే తప్ప ఉలి అడగకపోవడం మేలు. పాడైన ఎర్రచందనం ముక్క తిరిగి రాదు.

పర్యాటక శాఖ ఇందుకోసం మరో భవనం కట్టనక్కర్లేదు. తిరుపతి నుంచి తిప్పే ప్యాకేజీ బస్సులకు కాళహస్తిలో ఇంకో రెండు గంటలు ఇచ్చి, నేర్పేవారి రుసుము టికెట్‌లోనే కలిపితే చాలు. యాత్రికులను తెచ్చినవారికి కమీషన్ ఇచ్చే అలవాటు మాత్రం పడకూడదు, అది చివరికి చీర ధరలోనే తేలుతుంది. పదిమంది వస్తే వాడుకోవడానికి మరుగుదొడ్డి లేని చోట ఎంత గొప్ప కళైనా అరగంటకు మించి ఎవరినీ కూర్చోబెట్టలేదు. అది మున్సిపాలిటీ చూడాలి. ఇక కళాకారులు గంటకు ఎంతో గుమ్మం ముందే బోర్డు రాసి పెట్టాలి, మొహమాటపడకుండా. తెలుగుతో పాటు తమిళంలోనూ. ఈ దారిన వచ్చే చాలా కార్లకు తమిళనాడు నంబర్లే.