సవరణ: కరోనా యాంటీబాడీ పాజిటివ్ అంటే ఎఫ్‌ఐపీ కాదు

విశాఖలో పిల్లుల్ని పెంచేవాళ్ల కోసం మొన్న పెట్టిన పోస్టులో, రక్తంలో కరోనా యాంటీబాడీలు పాజిటివ్ వస్తే పిల్లికి ఎఫ్‌ఐపీ (పిల్లుల కరోనా వైరస్ వల్ల వచ్చే ప్రమాదకరమైన జబ్బు) ఉన్నట్టేనని రాశాను. అది తప్పు, పొరపాటు నాదే.

పశువైద్య నిపుణుల మార్గదర్శకాల ప్రకారం, ఆ పరీక్ష చెప్పేది పిల్లుల పేగుల్లో ఉండే కరోనా వైరస్ (కోవిడ్‌ది కాదు) ఎప్పుడో సోకిందని మాత్రమే. ఒకే ఇసుక ట్రే వాడే నాలుగైదు పిల్లులున్న ఇంట్లో దాదాపు అన్నిటికీ పాజిటివ్ రావచ్చు. వాటిలో ఎక్కువ వాటికి ఎఫ్‌ఐపీ ఎప్పటికీ రాదు. టైటర్ (రక్తంలో యాంటీబాడీల మోతాదు) ఎంత ఎక్కువున్నా అదొక్కటే రుజువు కాదు. తమాషా ఏమిటంటే, నిజంగా జబ్బుపడ్డ పిల్లిలో యాంటీబాడీలు వైరస్‌కే అతుక్కుపోయి నెగెటివ్ కూడా రావచ్చు.

పొట్టలో నీరు చేరితే ఆ నీటినే పరీక్షించాలి. పసుపుగా, జిగురుగా తీగ సాగుతుంటే అనుమానించాలి. అందులో ఆల్బుమిన్, గ్లోబ్యులిన్ అనే రెండు ప్రొటీన్ల నిష్పత్తి 0.4 కన్నా తక్కువైతే అనుమానం బలపడుతుంది, 0.8 దాటితే బాగా తగ్గుతుంది. అదే నీటికి ఆర్‌టీ-పీసీఆర్ (వైరస్ ఆర్‌ఎన్‌ఏని, అంటే దాని జన్యు పదార్థాన్ని పట్టే పరీక్ష) చేయిస్తే ఇంకా గట్టి ఆధారం. శాంపిల్ ఐస్ ప్యాక్‌లో పెట్టి పంపండి. మన ఊరి ఉక్కకి ఆర్‌ఎన్‌ఏ పాడైతే ఉత్తుత్తి నెగెటివ్ వస్తుంది.

నా పాత పోస్టు చూసి, ఒట్టి పాజిటివ్ కాగితంతో ఎఫ్‌ఐపీ మందు మొదలుపెట్టబోయేవాళ్లు ముందు డాక్టరుతో ఈ పరీక్షల సంగతి మాట్లాడండి.