తొమ్మిదో ప్రశ్నకు మౌనం

ఈ ఉగాది సాయంత్రం చెన్నైలో మన తెలుగు సంఘం నిర్వహించిన క్విజ్‌లో హాట్ సీటు మీద కూర్చున్న తొమ్మిదో తరగతి అబ్బాయి వరుసగా ఎనిమిది ప్రశ్నలకు సరైన సమాధానాలు చెప్పి, తొమ్మిదో ప్రశ్నకు నోరు విప్పకుండా దిగి వెళ్లిపోయాడు. సమాధానం తెలియక దిగిపోయాడని ఆ రోజు హాలులో ఉన్నవారిలో చాలామంది అనుకుంటున్నారు. తరువాత పంపిన కార్యక్రమ నివేదికలో కూడా ఆ మాటే ఉంది. అది నిజం కాదు. జరిగినదానిలో నాకూ భాగం ఉంది కనుక, ఆ సాయంత్రం రాలేకపోయినవారి కోసం ఆట జరిగిన తీరును మొదటినుంచి చెబుతాను.

పంచాంగ శ్రవణం, పచ్చడి పంపకం, పిల్లల కూచిపూడి ముగిసేసరికి ఏడున్నర దాటింది. టీవీలో వచ్చే కోటీశ్వరుల ఆటను మనవాళ్లు చాలా శ్రద్ధగా అనుకరించారు. ఎదురెదురుగా రెండు ఎత్తు కుర్చీలు, వాటి మీద నీలిరంగు దీపాలు, గుండెదడ లాంటి సంగీతం, పదిహేను ప్రశ్నలు, ఫిఫ్టీ ఫిఫ్టీ, ఆడియన్స్ పోల్ అన్నీ ఉన్నాయి. వ్యాఖ్యాతను హైదరాబాదు నుంచి పిలిపించారు. ప్రశ్నల ఉపసంఘంలో నేనూ ఒక సభ్యురాలిని. నేను రాసి ఇచ్చిన పదిహేను ప్రశ్నలలో నాలుగు మాత్రమే తెర మీదికి వచ్చాయి. మిగిలిన పదకొండింటి స్థానంలో సినిమా ప్రశ్నలు చేరాయి. యువకులు రావాలంటే సినిమా ఉండాలన్న వాదనకు నేను అభ్యంతరం చెప్పలేదు, ఇప్పుడూ చెప్పడం లేదు.

ఆ అబ్బాయి కుటుంబం పెరంబూరులో ఐదు తరాలుగా ఉంటోంది. తాతగారు అక్కడి రైలుపెట్టెల కర్మాగారం ఐసీఎఫ్‌లో పనిచేసి పదవీ విరమణ చేశారు. మొదటి ఐదు ప్రశ్నలనూ అబ్బాయి ఆప్షన్లు పూర్తిగా వినకుండానే దాటేశాడు. ఆరోది నాది: 1947 జూలైలో చందమామ ఏ నగరం నుంచి వెలువడింది అన్నది. అందుకు మద్రాసు అని తడుముకోకుండా చెప్పాడు. ఏడోది ఒక పాట పల్లవి. దానికి కొంచెం ఆలోచించి ఫిఫ్టీ ఫిఫ్టీ వాడుకున్నాడు. ఎనిమిదోది మళ్లీ నాది. ప్రత్యేకాంధ్ర రాష్ట్రం కోసం నిరాహార దీక్ష చేసి ప్రాణాలర్పించినవారు ఎవరు?

పొట్టి శ్రీరాములు అని చెప్పి అబ్బాయి అక్కడితో ఆగలేదు. మైకు దగ్గరగా జరుపుకొని, ఎంతో ఇష్టంగా, "ఆయన ఉపవాసం ఉన్న తావు మన మైలాపూరు పక్కనే ఉండాది. మా తాత నన్ను పిలుచుకొని పోయి చూపించినాడు. ఏమిటికి చచ్చిపోయినాడో కూడా చెప్పినాడు" అన్నాడు.

వ్యాఖ్యాత చిరునవ్వుతో, "అంతా బాగుంది నాన్నా, ఇప్పుడు అదే తెలుగులో చెప్పు" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

అబ్బాయి మాట్లాడినది తెలుగు తప్ప మరొకటి కాదు. తావు, ఉండాది, పిలుచుకొని పోవడం అన్నవి చిత్తూరు జిల్లాలో ఏ ఊరికి వెళ్లినా వినబడే మాటలు. ఏమిటికి అన్నది మన పాత కావ్యాలు చదివినవారికి పరిచయమైన మాట. ఇవేవీ నాకు తెలియనివి కావు. తెలిసీ నవ్వాను. ముప్పై ఏళ్ల క్రితం పెళ్లయి బాపట్ల నుంచి ఈ ఊరికి వచ్చిన కొత్తలో మా పక్కింటి అవ్వ కూరగాయల ధర చెబుతుంటే ఆమె మాటలను సరిదిద్దిన అలవాటే ఆ రోజు కూడా నా నోట నవ్వై వచ్చింది.

తొమ్మిదో ప్రశ్న కూడా నా నాలుగింటిలో ఒకటి. మన త్యాగరాయ నగర్‌కు ఆ పేరు ఎవరి వల్ల వచ్చింది? ఆప్షన్లలో త్యాగరాజ స్వామి ఉన్నారు, పిట్టి త్యాగరాయ శెట్టిగారూ ఉన్నారు. అబ్బాయి తెరవైపు చూశాడు, తరువాత మొదటి వరుసలో కూర్చున్న తాతగారివైపు చూశాడు. గడియారం నలభై ఐదు నుంచి సున్నాకు వచ్చేదాకా ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆ తరువాత కూర్చున్న యువతి ఇదే ప్రశ్నకు ఆడియన్స్ పోల్ అడిగితే, ఆ నగర్‌లోని పాండీ బజారులో నిత్యం తిరిగే మనలో ఎక్కువమంది త్యాగరాజ స్వామికి చేతులెత్తాం. సరైన సమాధానం తెర మీద వెలిగినప్పుడు చప్పట్లు కొట్టినవారు కొద్దిమందే.

భోజనాల వరుసలో ఆ అబ్బాయి నా ముందు నిలబడ్డాడు. పులిహోర వడ్డించుకుంటూ, ఆ ప్రశ్నకు సమాధానం నీకు తెలియదా బాబూ అని అడిగాను. "తెలుసును ఆంటీ. సెట్టిగారే. ఆయన కట్టిన కట్చికి పానగల్ రాజా మంత్రి అయినాడని తాత చెప్పినాడు" అన్నాడు. అందులో కట్చి ఒక్కటే తమిళం మాట, పార్టీ అని అర్థం. అది అనగానే తానే నాలుక కరచుకున్నాడు. మరి చెప్పలేదేమని అడిగితే తలవంచుకొని, "మళ్లీ నగుతారని" అన్నాడు.

1852లో పుట్టి, 1916లో జస్టిస్ పార్టీ స్థాపకులలో ఒకరై, మంత్రివర్గం ఏర్పాటు చేయమని పిలుపు వచ్చినా పదవి వద్దన్న త్యాగరాయ శెట్టిగారి గురించీ, 1921 నుంచి 1926 వరకు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా, అంటే నేటి ముఖ్యమంత్రిలా, పనిచేసిన పానగల్ రాజా రామరాయణింగారి గురించీ ఆ హాలులో ఒక్క వాక్యం చెప్పగలిగినవాళ్లు ఎంతమంది ఉన్నారో నాకు సందేహమే. చెప్పగలిగిన పిల్లవాణ్ణి మనం నోరు మూయించాం.

మన వేదిక ఏ ఆటను చూసి ఈ రూపం తెచ్చుకుందో ఆ ఆట గురించి కొంచెం చెప్పాలి. 1998 సెప్టెంబరులో బ్రిటన్‌లో మొదలై, 2000 జూలైలో అమితాబ్ బచ్చన్‌తో హిందీలోకి వచ్చి, 2014లో నాగార్జునతో తెలుగులో ప్రవేశించిన ఆ కార్యక్రమాన్ని మా ఇంట్లో మా అత్తగారు విడవకుండా చూసేవారు. 2021 ఆగస్టు 22న జెమినీ టీవీలో జూనియర్ ఎన్టీఆర్‌తో అది కొత్తగా మొదలైన రాత్రి నాకు బాగా గుర్తుంది. కరోనా భయం పూర్తిగా తగ్గలేదు. ఆ రోజు అతిథిగా వచ్చిన రామ్‌చరణ్ మన ఊళ్లోనే పుట్టినవాడని మా అత్తగారు రెండు మూడుసార్లు చెప్పుకున్నారు. 1639లో దామర్ల నాయకుల దగ్గర ఇంగ్లీషువాళ్లు ఈ స్థలం పొందిన రోజుగా చెన్నై ఏటా జరుపుకొనేది కూడా ఆగస్టు 22నే. ఆ నాయకుల తండ్రి చెన్నప్ప పేరు మీదనే చెన్నపట్నం వచ్చిందంటారు. ఆ రెండూ ఒకే తేదీన వచ్చాయని నేను చెబితే ఆవిడ చాలా సంతోషించారు.

ఆవిడకు అప్పటికే చూపు మందగించింది. తెర మీది అక్షరాలు కనబడేవి కావు. అయినా ఆటలో ఎప్పుడూ వెనకబడలేదు, ఎందుకంటే ప్రశ్ననూ నాలుగు ఆప్షన్లనూ వ్యాఖ్యాత పూర్తిగా, నిదానంగా చదివి వినిపించేవాడు. సమాధానం ఖరారు చేసే ముందు మళ్లీ ఒకసారి అడిగేవాడు. ఎదుట కూర్చున్నవారు శ్రీకాకుళం నుంచి వచ్చినా, ఖమ్మం నుంచి వచ్చినా, అనంతపురం నుంచి వచ్చినా తమ ఊరి మాటలోనే తమ ఇంటి కథ చెప్పుకోగలిగేవారు. అంతేగాని ముందుగా యాసకు పరీక్ష పెట్టేవారు కాదు. మనం కుర్చీలనూ దీపాలనూ సంగీతాన్నీ తెచ్చుకున్నాం. వినే ఓపికను తెచ్చుకోలేదు. మన స్లైడ్ల మీద ప్రశ్నలు ఇంగ్లీషులో ఉన్నాయి, వాటిని చదివి వినిపించడం సగంలోనే ఆపి వ్యాఖ్యాత తరువాతి దానికి వెళ్లాడు. మా అత్తగారు బ్రతికి ఉండి వచ్చి ఉంటే ఆ సాయంత్రం ఒక్క ప్రశ్న కూడా ఆవిడకు అంది ఉండేది కాదు.

ప్రశ్నలడిగి మనిషిని పరీక్షించడం మనకు టీవీ నేర్పిన విద్య కాదు. అవధానంలో పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు, ఈ అక్షరం వాడకూడదనే నిషిద్ధాక్షరితో అడుగడుగునా అడ్డుపడతారు, ఇచ్చిన మాటలను పద్యంలో ఇమడ్చమనే దత్తపదితో ఇరికిస్తారు, అప్రస్తుత ప్రసంగంలో ఎగతాళి కూడా చేస్తారు. కానీ ఆ ఎగతాళి దానికి బదులు చెప్పగల పండితుడి మీద, అతను సిద్ధపడి కూర్చున్న వేదిక మీద జరుగుతుంది. పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఆ కవచం లేదు. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన మన ఇళ్లలో ఈ ఆటపట్టించడం ప్రేమగానే సాగుతుందని నాకు తెలుసు. మా పుట్టింట్లో ఒకరి మాటను ఒకరు అనుకరించి నవ్వుకోని భోజనం ఉండేది కాదు, ఇప్పటికీ ఆ నవ్వులు తలచుకుంటే నాకు మనసు నిండిపోతుంది. అయితే ఆ నవ్వు మనవాళ్ల మధ్య ఉన్నప్పుడే ప్రేమ. ఆ అబ్బాయిని మనం మనవాడిగా చూసి నవ్వలేదు.

కార్యవర్గం పడిన శ్రమను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అద్దె హాలుకు గంటల లెక్కన డబ్బు కట్టి, ఉద్యోగాలు చేసుకుంటూ రెండు నెలలు తిరిగి, మూడు వందల మందికి భోజనాలు పెట్టించినవారు ఆ పిల్లవాణ్ణి నొప్పించాలని అనుకోలేదు. వ్యాఖ్యాతకు ఈ ఊరి తెలుగు పరిచయం లేదు, అది అతని తప్పు కాదు. నా ప్రశ్నలను తీసేసినప్పుడు నేనూ గట్టిగా నిలబడి అడగలేదు. ఇవన్నీ ఒప్పుకున్న తరువాత కూడా ఒక సంగతి మిగులుతుంది. మనం ప్రవాసులమని చెప్పుకుంటాం, పత్రిక ముఖచిత్రం మీద కూడా అదే మాట వేసుకుంటాం. ఆ అబ్బాయి కుటుంబం ఎక్కడినుంచీ ప్రవాసం రాలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం మద్రాసు లేకుండా ఏర్పడినప్పుడు వాళ్లు ఉన్నచోటనే ఉండిపోయారు. గీత వాళ్లకు అవతల పడింది. 2006లో వచ్చి బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసిన తమిళ బోధన చట్టం తరువాత బడిలో తెలుగు చదివే అవకాశం కూడా ఏటేటా ఒక్కొక్క తరగతి చొప్పున వాళ్ల పిల్లలకు సన్నగిల్లింది. అయినా ఇంట్లో తాత మనవడితో తెలుగే మాట్లాడుతున్నాడు, అక్షరం రాకపోయినా ఊరి కథను తెలుగులోనే అప్పగిస్తున్నాడు. అక్షరాలన్నీ వచ్చిన మన ఇళ్లలో పిల్లలు మనకు ఏ భాషలో బదులిస్తున్నారో మనకు తెలుసు. మా ఇంట్లోనూ అంతే.

కనుక వచ్చే ఉగాది క్విజ్ గురించి కార్యవర్గాన్ని బతిమాలి అడుగుతున్నాను. పదిహేనులో సగం ప్రశ్నలైనా ఈ నగరపు తెలుగు జీవితం నుంచి తీసుకోండి. దానికి కొరత లేదు. బ్రౌన్ దొర తెలుగు నిఘంటువు 1852లో అచ్చయింది ఈ ఊళ్లోనే. వీరేశలింగం పంతులుగారు 1919లో కన్నుమూసింది ఇక్కడే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1914లో ఆంధ్రపత్రికను దినపత్రికగా మొదలుపెట్టింది ఇక్కడే, లజ్‌లో మనం ఉదయం నడిచే పార్కుకు ఉన్నది ఆయన పేరే. దుర్గాబాయమ్మ ఆంధ్ర మహిళా సభకు పునాది వేసిందీ ఇక్కడే. ప్రశ్నలు తెలుగులో రాయించండి, చదవలేనివారి కోసం ప్రతి ప్రశ్ననూ ఆప్షన్లతో సహా చివరిదాకా చదివి వినిపించండి. వ్యాఖ్యానానికి పెరంబూరు నుంచో చూలై నుంచో కొరుక్కుపేట నుంచో ఈ ఊరి తెలుగు మాట్లాడేవారిని ఒకరిని పిలవండి. సినిమా ప్రశ్నలు ఉండనివ్వండి.

పోయిన ఆదివారం నేను పెరంబూరు వెళ్లాను. తాతగారు మర్యాదగా కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు. క్షమించమని అడిగితే, "పిల్లోడు మరిచిపొయ్యినాడు లేమ్మా" అన్నారు. అబ్బాయి లోపలి గదిలోనే ఉన్నాడు, నేను ఉన్నంతసేపూ బయటికి రాలేదు. వచ్చే ఏడాది ప్రశ్నలు రాయడంలో సాయం చేయమని తాతగారిని అడిగాను. ఇంకా అవునని గానీ కాదని గానీ అనలేదు. గుమ్మం దాకా వచ్చి, రాయపేట హైరోడ్డులో 126 నంబరు ఇంట్లో శ్రీరాములుగారు ఎన్ని రోజులు ఉపవాసం ఉన్నారో మీకు తెలుసునా అని నన్ను అడిగారు. యాభై ఎనిమిది అన్నాను. అక్టోబరు 19 నుంచి డిసెంబరు 15 దాకా అని ఆయన వేళ్ల మీద లెక్కపెట్టి సరిచూసుకున్నారు.