అరికాలు చూపించమంటే అందరికీ నామోషీ

మన తోలుకు స్కిన్ క్యాన్సర్ రాదట. మా బాబాయ్ చెప్పాడు. ఇంకేం కావాలి?

ఇందాక గృహప్రవేశం భోజనాల దగ్గర జరిగింది. ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది, అందుకే ఇంటికి రాగానే రాస్తున్నాను. మా మేనత్త కాళ్ళ నొప్పులని చెప్పి, చెప్పులు విప్పి కాళ్ళు బారచాపుకుని కూర్చుంది. మడమ పక్కన, అరికాలి మీద నల్లటి మచ్చ. ఒకవైపు కటిక నలుపు, ఇంకోవైపు మట్టిరంగు, అంచు ఎటుపడితే అటు పాకి ఉంది. "ఎప్పటి నుంచి ఉంది అత్తయ్యా?" అంటే "ఏమోనే, పోయిన సంక్రాంతికి ఇంత లేదు" అంది. చర్మం డాక్టరుకు చూపిద్దాం, ఇలాంటివి ఒక్కోసారి క్యాన్సర్ కావచ్చు అన్నాను. అంతే. పక్కన మజ్జిగ తాగుతున్న బాబాయ్ గ్లాసు దించి, "మనం ఎండలో పుట్టి ఎండలో పెరిగినోళ్ళం. మన తోలుకు క్యాన్సర్ ఏంటే? అది తెల్లోళ్ళ జబ్బు" అన్నాడు. బంతి బంతంతా నవ్వింది. మేనత్త గబుక్కున చీర అంచుతో పాదం కప్పేసుకుంది.

ఆయన మాటలో సగం నిజం ఉంది. నాకు మండేది కూడా అక్కడే, పూర్తి అబద్ధమైతే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. మెలనోమా అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్. తెల్లతోలు వాళ్ళకే ఎక్కువ. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ప్రపంచంలోకెల్లా ఎక్కువ. అక్కడ ఎండే పెద్ద కారణం. మన చర్మంలోని మెలనిన్ అనే నల్లరంగు పదార్థం మనల్ని చాలావరకు కాపాడుతుంది, మన దేశంలో ఈ జబ్బు అరుదు. ఇంతవరకూ ఒప్పుకుంటాను. కానీ మన రంగు వాళ్ళకు వచ్చినప్పుడు ఎక్కువగా ఎక్కడ వస్తుందో తెలుసా? అరికాలిలో. అరచేతిలో. గోటి కింద. ఎండ పొడ సోకని చోట. దాన్ని ఏక్రల్ మెలనోమా అంటారు, దానికి ఎండతో పెద్ద సంబంధమే లేదు. ఎండలో పెరిగాడట! అరికాళ్ళు పైకెత్తి ఎండబెట్టుకుని పెరిగావా బాబాయ్?

బాబాయ్ కొడుకు బైకు వెనక పాటగాడు బాబ్ మార్లే స్టిక్కరు ఉంటుంది. ఆ మార్లే ఏం పాడాడో వాడికి తెలియదు, ఎలా పోయాడో అసలే తెలియదు. జమైకా మనిషి. కాలి బొటనవేలి గోటి కింద మెలనోమా. మొదట ఫుట్‌బాల్ ఆడుతూ తగిలిన దెబ్బ అనుకున్నారు. 1977లో అసలు సంగతి బయటపడింది. 1981 మే నెలలో, 36 ఏళ్ళకే పోయాడు. అప్పటికి మెదడు దాకా పాకింది. తెల్లోళ్ళ జబ్బట.

మనవాళ్ళకు మచ్చలంటే పట్టింపు లేదని మాత్రం అనకండి. పుట్టుమచ్చల శాస్త్రమని పుస్తకాలే ఉన్నాయి. అరికాలిలో మచ్చ ఉంటే దేశాలు తిరుగుతారట. ఆ బంతిలోనే ఒకావిడ మా అత్తయ్యతో "నీకు అమెరికా యోగం ఉందమ్మా" అని కూడా అంది. అది పక్కన పెడితే, మన ఒంటి మీద మచ్చలు పద్ధతిగా వెతికేది జీవితంలో ఒక్కసారే, పదో తరగతిలో. సర్టిఫికెట్ కోసం సారు రెండు పుట్టుమచ్చలు చెప్పమంటే ఒకటి మెడ మీద, ఒకటి మోచేతి మీద అని రాయించుకుని వస్తాం. ఆ తర్వాత ఎవరూ చూడరు. పాదాలంటారా, ఆషాఢంలో గోరింటాకు, పేరంటానికి పసుపు, పెళ్ళికి పారాణి, మిగతా రోజుల్లో నెయిల్ పాలిష్. గోరు అసలు రంగు ఏమిటో ఆ గోరు గలవాళ్ళకే తెలియదు. కాళ్ళకు దణ్ణం పెట్టేవాళ్ళు వందమంది ఉంటారు, తిప్పి చూసేవాడు ఒక్కడు ఉండడు.

ఆ ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీల సంగతి ఎత్తకపోతే నాకు నిద్ర పట్టదు. రక్తం తీస్తారు, ఈసీజీ, ఎక్స్‌రే, పొట్ట స్కానింగు, చివర్లో ఇడ్లీ కాఫీ కూపన్. పేరు చూస్తే ఫుల్ బాడీ. చెప్పులు విప్పించేది మాత్రం స్కానింగ్ గదిలోకి దుమ్ము రాకూడదని. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఉండే మా పిన్ని కూతురు చెప్పింది, అక్కడ చర్మం చెకప్ అంటే కాలివేళ్ళ సందులు కూడా చూస్తారట. వాళ్ళ పిల్లాడి బడిలో టోపీ లేకపోతే ఆటకు పంపరు. ఇక్కడ టోపీ పెట్టుకుంటే "ఏంట్రా, హీరో అనుకుంటున్నావా" అంటారు.

పెద్దగా చదువుకోవాల్సిన విద్యేం కాదిది. మచ్చ మధ్యలో గీత గీస్తే రెండు సగాలూ ఒకేలా లేకపోవడం, అంచు వంకరటింకరగా ఉండటం, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు, 6 మిల్లీమీటర్లు దాటిన సైజు. అన్నిటికంటే ముఖ్యం, మారుతూ ఉండటం. పోయిన సంక్రాంతికి ఇంత లేదు అన్న మాట చాలు. గోళ్ళ విషయంలో ఒకటి చెప్పాలి. మనలో చాలామందికి నాలుగైదు గోళ్ళ మీద సన్నటి నల్ల గీతలు మామూలుగానే ఉంటాయి, వాటికి టెన్షన్ పడక్కర్లేదు. ఒకే గోటికి, అందులోనూ బొటనవేలికి, పెద్దయ్యాక కొత్తగా గీత వచ్చి వెడల్పవుతూ, ఆ నలుపు గోరు దాటి పక్క చర్మం మీదకు దిగిందంటే మాత్రం ఆగకూడదు. కొన్నింటికి నలుపే ఉండదు, ఎర్రగా మానని పుండులా ఉంటాయి. ఇవే కొంప ముంచేవి.

మా పెద్దమ్మ కొంప అలాగే మునిగింది. అరికాలిలో మచ్చ లేస్తే ఆనెకాయ అన్నారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ బ్లేడుతో చెక్కాడు. తగ్గకపోతే టౌన్లో ఒక లేజర్ క్లినిక్ వాళ్ళు "రెండు నిమిషాల పనండీ" అని కరెంటుతో కాల్చేశారు. ముక్క తీసి ల్యాబుకు పంపాలన్న ఆలోచన ఒక్కడికి రాలేదు. అంతా కాల్చి పారేశాక పంపడానికి ఏం మిగులుతుంది? మళ్ళీ పుండు లేచింది. షుగర్ ఉంది కదా, షుగర్ పుండు అన్నారు. డ్రెస్సింగుల మీద డ్రెస్సింగులు. గజ్జల్లో బిళ్ళ కట్టింది. కాలికి ఏదైనా తగిలితే బిళ్ళ కట్టడం మామూలేగా అన్నారు. అది మామూలు బిళ్ళ కాదు, క్యాన్సర్ అప్పటికే పాదం దాటి అక్కడికి చేరింది. చివరికి ఒక సర్జన్ పుండు అంచు నుంచి ముక్క తీసి బయాప్సీకి పంపితే అసలు పేరు తెలిసింది. రిపోర్టు చదివింది నేనే.

ఈ జబ్బులో అంతా లోతు లెక్క. మచ్చ పైకి ఎంత వెడల్పు ఉందన్నదాని కంటే లోపలికి ఎంత దిగిందన్నదే ముఖ్యం. మిల్లీమీటర్లలో కొలుస్తారు. 1970లో బ్రెస్లో అనే పాథాలజిస్టు చెప్పిన కొలత, ఇప్పటికీ అదే వాడుతున్నారు. 1 మిల్లీమీటరు లోపు ఉన్నప్పుడు దొరికితే చుట్టూ 1 సెంటీమీటరు మంచి చర్మంతో కలిపి కోసేస్తారు, చాలామంది దాంతోనే బతికి బట్టకడతారు. లోతు పెరిగేకొద్దీ 2 సెంటీమీటర్ల దాకా కోయాలి, మడమ అయితే వేరేచోటి చర్మం తెచ్చి అతకాలి, గోటి కింద అయితే వేలు కొంత పోవచ్చు. క్యాన్సర్ ముందుగా చేరే గజ్జల్లోని బిళ్ళను తీసి పరీక్షిస్తారు, సెంటినల్ నోడ్ అంటారు. అదీ దాటిపోతే మందులు. మన రోగనిరోధక శక్తికి పడ్డ బ్రేకు తీసి, అదే క్యాన్సర్ మీద పడేలా చేసే మందులు 2011 నుంచి వచ్చాయి. వాటికి దారి వేసిన శాస్త్రవేత్తలు అలిసన్, హోంజోలకు 2018లో నోబెల్ ఇచ్చారు. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కు 2015లో, 90 దాటిన వయసులో, మెలనోమా మెదడుకు పాకింది. రేడియేషన్‌తో పాటు పెంబ్రోలిజుమాబ్ అనే ఇలాంటి మందే ఇచ్చారు. నూరేళ్ళు నిండాక 2024 డిసెంబరులో పోయాడు. మరి మనకో? ఆ మందులు లక్షల్లో ఖర్చు. పైగా అరికాలి రకం వాటికి ఎండ రకం లొంగినంతగా లొంగదు. మడమ మీద మచ్చగా ఉన్నప్పుడు చూసుకుంటే ఎంతలో పోయేది!

ఇంత జరిగిన ఇంట్లో, సొంత వదిన పోయిన జబ్బు గురించి బాబాయ్ "మనకు రాదు" అని ఎలా అన్నాడంటారా? మా ఇంట్లో పెద్దమ్మ మెలనోమాతో పోలేదండి. షుగర్‌తో పోయింది. అలాగని బాబాయ్ తేల్చేశాడు. అప్పుడు అక్కకు సంబంధాలు చూస్తున్నారు. "తల్లికి క్యాన్సర్ అని తెలిస్తే పిల్లను ఎవరు చేసుకుంటారు" అని ఫైలు బీరువాలో పెట్టి తాళం వేశాడు. నాకు ఒట్లు వేయించారు. కన్నకూతురికి కూడా చెప్పలేదు. తర్వాత ఏ డాక్టరు "మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందా" అని అడిగినా అక్క "లేదండీ, అమ్మకు షుగర్" అని చెప్పుకుంటూ తిరిగింది. పోయినేడు నేనే చెప్పేశాను. అప్పటినుంచి బాబాయ్‌కు నేనంటే పడదు, ఇవాళ ఆ నవ్వు దానికే. ఇంతకీ అప్పటి సంబంధం తప్పిపోయింది లెండి. క్యాన్సర్ దగ్గర కాదు, కట్నం దగ్గర. అబద్ధం మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది, మేనత్తలకు, పిన్నులకు, అందరికీ పంచిపెట్టారు. తోబుట్టువుల్లా ఒకే ఇంట్లో మసిలిన వదిన ఎలా పోయిందో మేనత్తకు తెలిసి ఉంటే, ఇవాళ ఆ పాదం కప్పుకునేదా?

కామెంట్లలో సున్నం, చాకలిసోడా, నల్లజీడి, తలవెంట్రుక కట్టడం లాంటి చిట్కాలు రాసేవాళ్ళను బ్లాక్ చేస్తాను. "కత్తి పెడితే పాకుతుంది" అనేవాళ్ళను కూడా. బయాప్సీ వల్ల పాకదు, చూడకుండా కూర్చుంటే పాకుతుంది. దయచేసి ఇన్‌బాక్స్‌లో కాళ్ళ ఫొటోలు పంపకండి, నేను డాక్టర్ని కాను. చర్మం డాక్టరు (డెర్మటాలజిస్టు) దగ్గరకెళ్ళి, మచ్చను పెద్దగా చేసి చూపే డెర్మోస్కోపుతో చూడమనండి. మచ్చ తీసేస్తాం అంటే, తీసిన ముక్క ల్యాబుకు పంపుతారా అని అడగండి. అక్కర్లేదు అన్నారంటే చెప్పులేసుకుని వచ్చేయండి.